అరకాన్ దారిలో పురుడు

డెబ్బై ఏడులో, రాజోలు దగ్గర గోదావరి గట్టుకింది ఇంట్లో ఆ రోజు ఉన్నది శరభయ్యగారు, కొడుకు గౌరీశంకరం, కోడలు సత్యవేణి, ఉయ్యాల్లో వెయ్యాల్సిన పసివాడు, పేరంటానికొచ్చిన ముత్తయిదువలు నలుగురు. వంటింట్లో శరభయ్యగారి భార్య మంగాయమ్మ కూడా ఉంది. ఆవిణ్ణి ఎవరూ లెక్కలో వెయ్యరు కాబట్టి చివర్న చెప్పాల్సి వచ్చింది.

అరుగు మీద చేరిన ఇరుగుపొరుగు మగాళ్ళకి శరభయ్యగారు బర్మా కథ మొదలుపెట్టేరు. రంగూను మీద జపాను బాంబులు పడ్డప్పుడు మనవాళ్ళు అరకాన్ కొండలు దాటి నడిచొచ్చిన కథ. దారిలో బర్మావాళ్ళు కత్తులతో మీదపడ్డం దాకా వచ్చేక ఆయన చొక్కా పక్కకి లాగి భుజం మీద గాటు చూపిస్తారు. "ఆ జాతిని నమ్మకూడదండీ" అంటారు. "ఆయ్, నిజవేనండి" అంటారు విన్నవాళ్ళు. ఆ కథకి మంగాయమ్మ ఎన్నేళ్ళనుంచో కాఫీలు అందిస్తోంది. గాటు అబద్ధం కాదు. చీర చెంగు చింపి కట్టు కట్టింది ఆవిడే. కానీ ఆ కథలో ఆవిడ ఒక్కచోటే వస్తుంది: "వెంట ఆడమనిషి, అదీ నిండు చూలాలు, అడుగు పడితే ఒట్టు!" అందరూ నవ్వుతారు. ఆ చూలాలు తర్వాత ఏమైందని ఎవరూ అడగరు. కథలో కొడుకు కొండలు దాటేక చిట్టగాంగు సత్రంలో సుఖంగా పుట్టేస్తాడు.

ఇలాంటి కథలు విని విని, పక్కింటి వీరవెంకటరమణ బర్మా నుంచి తెచ్చుకున్న పెళ్ళాన్ని ఊళ్ళో ఏ పేరంటానికీ పిలవరు. ఆవిడ అసలు పేరు పలకడం రాక సువర్ణ అని పెట్టేరు. మంగాయమ్మ కూడా ఎవరూ చూడనప్పుడే ఆవిణ్ణి పలకరించేది.

"అత్తయ్యగారూ, అయిదో ముత్తయిదువ రాలేదండీ" అంది సత్యవేణి.

"సువర్ణని పిలుస్తాను. బిడ్డని ముందు ఆవిడే ఉయ్యాల్లో వెయ్యాలి."

పేరంటానికొచ్చిన మీనాక్షమ్మ బుగ్గలు నొక్కుకుంది. "బాగుంది వదినా! ఇంకా నయం, జపానోణ్ణి పిలవలేదు!"

గౌరీశంకరం అరుగు మీంచి లేచొచ్చేడు. "నాన్నగారి భుజం చూసి కూడా ఎలా అంటున్నావమ్మా? ఆ జాతి చెయ్యి నా కొడుకు మీద పడ్డానికి వీల్లేదు."

మంగాయమ్మ కుంకుమభరిణె తీసుకుంది. ఎప్పుడూ లేనిది, అరుగు మీదకొచ్చి మగాళ్ళ మధ్య నిలబడి, వెనకే వచ్చిన కొడుకు వైపు తిరిగింది.

"నీ మీద మొదట పడింది ఆ చెయ్యే నాయనా. నువ్వు చిట్టగాంగులో పుట్టలేదు, కొండ మీద వెదురుపాకలో పుట్టేవు. నాకు నొప్పులొస్తే మీ నాన్నగారు గుంపుతో ముందుకెళ్ళిపోయి, మర్నాడు వెతుక్కుంటూ వచ్చేరు. ఈలోగా ఒక బర్మా ఆడమనిషి నన్ను పాకలోకి తీసుకెళ్ళింది. బొడ్డు కోసింది. ఆడాళ్ళూ లుంగీలే కడతారక్కడ, తన లుంగీ చింపి నిన్ను చుట్టింది, నాకు గంజి పట్టింది. నన్ను గెంటెయ్యమని వాళ్ళాయన బయట అరుస్తూనే ఉన్నాడు. వాళ్ళ మాట నాకు రాదు గానీ ఆ అరుపు ఏ దేశంలోనైనా ఒకటే. ఆవిడ వినలేదు. అందుకే మనిద్దరం ఉన్నాం. పేరైనా అడగలేదు నేను."

శరభయ్యగారు కండువా సర్దుకున్నారు. "ఆడాళ్ళ మాటలు..." అని ఆగిపోయేరు. అబద్ధమని మాత్రం అనలేదు.

"ఆవిణ్ణి తెచ్చేవంటే నువ్వూ ఈ గుమ్మం ఎక్కక్కర్లేదు" అన్నాడు గౌరీశంకరం.

మంగాయమ్మ మెట్లు దిగింది. ఇన్నేళ్ళూ ఎటు తిరిగి పెట్టాలో తెలియని దణ్ణానికి ఇవాళ ఒక దిక్కు దొరికినట్టుంది.

సువర్ణ పెరట్లో బట్టలారేస్తోంది. బొట్టు పెట్టబోతే వెనక్కి జరిగింది.

"నాకా, అక్కా?"

"నీకే. మా మనవణ్ణి ఉయ్యాల్లో వేద్దువుగాని, రా."

మంగాయమ్మ సువర్ణ తడి చేతుల్ని తన రెండు కళ్ళకీ అద్దుకుంది. ఎందుకో సువర్ణకి తెలీదు. అయినా లాక్కోలేదు.

ఇద్దరూ మెట్లెక్కేసరికి గుమ్మానికడ్డంగా గౌరీశంకరం ఉన్నాడు. పసివాణ్ణి ఎత్తుకుని అతని చెయ్యి కిందనుంచి దూరి సత్యవేణి బయటికొచ్చింది. బిడ్డని అందించింది.

ఆ వెనకే తలుపు దభాలున మూసుకుంది. పసివాడు మటుకు బయటే ఉన్నాడు, సువర్ణ చేతుల్లో.