కన్సమ్మ తల్లికి పుట్టింటి చీర

లక్ష్మక్క పంపిన సంగటి తిరిగి ఇంటికొచ్చింది. పంపిన గిన్నెలోనే, పెట్టిన మూత పెట్టినట్టే, పైన వేసిన ఊరిబిండి పచ్చడి కూడా చెదరకుండా వచ్చింది. లక్ష్మక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చేతి సంగటిని వెనక్కి పంపే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. కట్టుకున్న మొగుడికి కూడా లేదు, పాపం, ఆయన బతికున్నన్నాళ్ళూ.

"ఏం రోగమంట ఆయమ్మకు?" అని కోడలు హేమావతి మీద ఎగిరింది.

"రోగమేం లేదత్తా. గమ్మున కూచోనుండాది. ఫోను చూస్తాది, మళ్ళా బోర్లా పెడ్తాది. నిన్న కూడా ఏం తిన్లేదంట," అంది హేమావతి.

ఆయమ్మ అంటే సిస్టర్ కన్సొలాత. గుమ్మఘట్ట దాటి కర్ణాటక వైపు పోయే రోడ్డు మీద, వీళ్ళ ఊరికి ఆనుకొని ఉన్న సిస్టర్ల ఆసుపత్రిలో నర్సు. ఆఫ్రికాలో రువాండా అనే దేశం ఆమెది. కన్యాస్త్రీగా మారి, బెంగళూరులో నర్సు చదువు చదివి, ఈ బండనేలకు వచ్చి పదేళ్ళు దాటింది. అంత పేరు ఊరికి నోరు తిరగలేదు. కన్సమ్మ అయిపోయింది. ఆమె కూడా ఊరికి తగ్గట్టే తయారైంది. సూది మందుకు భయపడి పరుగెత్తే మగవాళ్ళను చూసి, "యాడికి పోతాండావప్పా, రా ఈడికి!" అని ఆమె కేకేస్తే వరండా అంతా నవ్వులే.

హేమావతికి కాన్పు కష్టమైన రోజున అంబులెన్స్ రాలేదు. తల్లినీ బిడ్డనూ దక్కించింది కన్సమ్మే. ఆనాటి నుంచి లక్ష్మక్కకు ఆమె మీద ఎంత ప్రేమో అంత పెత్తనం. ఎండలో తిరగొద్దంటుంది, అంత పల్చగా ఉంటే గాలికి పోతావంటుంది. మొదటిసారి సంగటి పెట్టినప్పుడు కన్సమ్మ వేళ్ళతో తుంచి నోట్లో పెట్టుకొని, కళ్ళు పెద్దవి చేసి, "మా దేశంలో కర్రపెండలం పిండితో అచ్చం ఇట్లే చేస్తారక్కా," అంది. ఇక చూడండి, అది మొదలు సంగటి గిన్నె ఆసుపత్రికి నడవని రోజు లేదు. అలాంటి గిన్నె వెనక్కి వచ్చిందంటే మాటలా?

లక్ష్మక్క గిన్నె చంకన పెట్టుకొని మిట్టమధ్యాహ్నం ఎండలో బయలుదేరింది. ఏప్రిల్ నెల. రోడ్డు మీద కుక్క కూడా లేదు. కన్సమ్మ ఆసుపత్రి వెనక వసారాలో గోడకు ఆనుకొని కూర్చుని ఉంది.

"ఏమ్మే, నా సంగటి చేదయిందా నీకు?"

కన్సమ్మ నవ్వబోయింది, రాలేదు. ఫోను తీసి చూపించింది. తీగ మీద ఆరేసిన గుడ్డ ఒకటి. నీలం రంగు, మీద పసుపు పిట్టలు. అక్కడక్కడా మట్టి తినేసింది.

"ఇది మా అమ్మ కట్టుకున్న గుడ్డ అక్కా. ఇప్పుడు తవ్వితే దొరికింది. ఎముకలతో బాటు."

లక్ష్మక్క గిన్నె కింద పెట్టి, పక్కన చతికిలబడింది. కన్సమ్మకు అమ్మా నాన్నా, తోడబుట్టినవాళ్ళూ లేరని ఊరికి తెలుసు. ఎందుకు లేరో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, వీళ్ళు కూడా గుచ్చి గుచ్చి అడగలేదు. ఆ మధ్యాహ్నం చెప్పింది.

వాళ్ళ దేశంలో రెండు తెగలు. ఒకే భాష, ఒకే తిండి, పక్కపక్క ఇళ్ళు. అలాంటిది తొంభై నాలుగులో ఒక తెగవాళ్ళను, టుట్సీలను, ఆడా మగా పిల్లా పీచూ అని చూడకుండా మూడు నెలల్లో లక్షల మందిని నరికేశారు. వీళ్ళు బొద్దింకలు, తొక్కెయ్యండని రేడియోలో చెప్పారు. బయటి శత్రువు కాదు. నిన్నటిదాకా పెళ్ళికీ పేరంటానికీ వచ్చిన వాళ్ళే కత్తులు పట్టుకొచ్చారు.

"అందరం మా చర్చి గుడికి పరిగెత్తినాం. గుళ్ళోకొచ్చి చంపరనుకున్నాం. మాకు పాటలు నేర్పే సారు ఒకాయన ఉండె. గుడి పిల్లోళ్ళందరి గొంతులూ ఆయప్పకు తెలుసు. ఆయప్పే వాళ్ళకు తలుపు తీసినాడు."

కన్సమ్మకు అప్పుడు పదేళ్ళు. తల్లి ఆమెను వెనక గోడ మీదుగా అవతలికి దించింది. అక్కడ ఒక ముసలమ్మ ఉంది, చంపేవాళ్ళ తెగ మనిషే. ఆమె పిల్లను జొన్నల గాదెలో దాచింది. తల్లి మాత్రం మగపిల్లల కోసం మళ్ళీ లోపలికి పోయింది. తండ్రి, తమ్ముళ్ళు, తల్లి, ఎవరూ బయటికి రాలేదు. మిగతావాళ్ళ ఎముకలు ఎప్పుడో దొరికాయి. తల్లివి దొరకలేదు. ఇప్పుడా పాటల సారు, జైల్లో మగ్గి ముసలివాడై బయటికొచ్చి, గుడి వెనక అరటితోటలో చోటు చూపించాడు.

"ఈ నెలాఖర్లో పూడుస్తారంట. మా చిన్నాయన కొడుకు రమ్మంటాండాడు. నేను పోనక్కా."

"ఏమి?"

"ఆయప్ప ఆడనే ఉంటాడు. అందరూ నా తలమీద ఈ ముసుగు చూస్తారు. సిస్టరువి కదా, క్షమించినానని ఒక్క మాట చెప్పమ్మా అంటారు. నేను ఈడ ఆదివారమాదివారం పిల్లోళ్ళకు అదే పాఠం చెప్తాండా. ఆడ నాకు నోరు రాదు." ఫోను బోర్లా పెట్టింది. "నన్ను దాచిన ముసలమ్మ చేతిలో జపమాల ఉండె. ఆ ముసలమ్మ దేవుణ్ణి నమ్ముకోని సిస్టరునయినా. ఆ సారు చేతిలో కూడా అదే జపమాల ఉండె అక్కా. ఆ గుళ్ళో కాలు పెట్టలేను."

లక్ష్మక్క నోటికి మాట రాలేదు. అరవై నాలుగేళ్ళలో అలాంటిది జరగడం అదే మొదలు. చాలాసేపటికి ఆమె నోట్లోంచి వచ్చిన మాట విని కన్సమ్మే తెల్లబోయింది.

"కబురు ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం."

"తలకు పోసుకున్న్యావా?"

"అక్కా, అమ్మ పోయి ముప్పై ఏండ్లు దాటింది..."

"నీకు కబురు మంగళారం కదే వచ్చింది! ఇన్నాళ్ళూ పోయిందో, యాడన్నా ఉండాదో తెలీకుండ్య. ఇప్పుడు తెలిసింది. సావు కబురు ఇన్న మనిషి తలకు పోసుకోకుండా, నలుగురు వచ్చి ఏడ్వకుండా, ఫోను పట్టుకోని కూచుంటాదా? అందుకే నీ గొంతులో ముద్ద దిగల్యా!"

అని లేచింది. గిన్నె అక్కడే వదిలేసింది. ఊళ్ళోకి పోయి ఇంటింటి ముందూ నిలబడి, "కన్సమ్మ వాళ్ళమ్మ పోయిందంట, రాండి!" అని చెప్పింది. ఎప్పుడు పోయిందీ, ఎట్లా పోయిందీ దారిలో చెప్పుకుంటూ వచ్చింది.

ఆ తర్వాత ఆసుపత్రి గేటు దగ్గర జరిగిన గోల అంతా ఇంతా కాదు. ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని, గేటు దగ్గర్నుంచే శోకాలు అందుకున్నారు. లోపల మంచాల మీదున్న రోగులు ఎవరు పోయారో అని లేచి కూర్చున్నారు. వాచ్‌మన్ ఓబుళేసు, ఏదో కేసు చెడిపోయి చుట్టాలు కొట్లాటకు వచ్చారనుకొని గేటుకు తాళం వెయ్యబోయాడు. పెద్ద సిస్టర్ కళ్ళజోడు సవరించుకుంటూ పరిగెత్తుకొచ్చి, "ఎవరమ్మా? ఏ వార్డు?" అని ఒకటే కంగారు.

"ఏ వార్డూ కాదు తల్లీ, మీ కన్సమ్మ వాళ్ళమ్మ," అని చెప్పి లక్ష్మక్క ఆమెను పక్కకు తోసుకుంటూ వెనక్కి పోయింది.

ఆ రోజు ఊరికి ట్యాంకర్ వచ్చిన రోజు. వారానికి సరిపడా పట్టుకున్న నీళ్ళు. వాటిలోంచి తలా ఒక బిందె మోసుకొచ్చారు. ఆ ఎండాకాలంలో, ఆ నేల మీద, నిండు బిందె తెచ్చి ఒకరి తలమీద పోయడమంటే ఏమిటో అక్కడివాళ్ళకే తెలుసు. వసారా ముందు బండ మీద కన్సమ్మను కూర్చోబెట్టారు. ఆమె వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. లక్ష్మక్క ముసుగు తీసి, మడిచి, పెద్ద సిస్టర్ చేతిలో పెట్టింది. మొదటి బిందె పోసింది.

"మీ అమ్మ పేరు చెప్పు. పేరు పెట్టి ఏడ్వల్ల."

"ఇమాకులే," అంది కన్సమ్మ.

"ఇమ్మాకులమ్మా!" అని లక్ష్మక్క ఎత్తుకుంది. "బిడ్డను గోడ దాటించి నువ్వు లోపలికి పోతివే తల్లీ! ఆ అరటితోటలో ఎవరూ దిక్కులేక ఎన్నేండ్లు పండుకుంటివే తల్లీ!"

వెనకాల ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఆయమ్మను చూసింది లేదు, ఆ దేశం ఏ దిక్కున ఉందో తెలీదు, అయినా ఒక్కరిదీ దొంగ ఏడుపు కాదు. రెండో బిందె పోస్తుండగా కన్సమ్మ భుజాలు అదిరాయి. ఆ తర్వాత ఆమె పెట్టిన కేకకు పెద్ద సిస్టర్ గోడ పట్టుకుంది. వాళ్ళ భాషలో ఏమేమో అంది. పదేళ్ళ పిల్ల లాగా లక్ష్మక్క నడుము చుట్టుకొని, ఆమె పొట్టలో తల పెట్టి ఏడ్చింది. లక్ష్మక్క కూడా తడిసి ముద్దయి, ఆ తలను గట్టిగా పట్టుకొని నిలబడింది. నా తల్లి, నా బంగారు, ఇంత బరువు ఎట్లా మోసినావే అని లోపల్లోపల గింజుకుంది.

సాయంత్రం ఒకరింటి నుంచి అన్నం, ఇంకొకరింటి నుంచి పప్పు వచ్చాయి. చావు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కదా. సిస్టర్ల వంటింటికి కూడా ఆ పూట తాళమే. కన్సమ్మ తింది. తింటూ తింటూ, "అక్కా, పోతా," అంది.

"పో. పోవల్లనే పో. క్షమిస్తావో, మొహం మీద ఉమ్ముతావో, అది నీ ఇష్టం. నువ్వు పోయేది వానికోసరం కాదు. మీ అమ్మ కోసరం."

మాట అయితే గట్టిగా అనేసింది గానీ లక్ష్మక్కకు భయం పట్టుకుంది. పోతే వాళ్ళ మనుషులు, వాళ్ళ మట్టి. మళ్ళీ ఈ ఎండల్లోకి ఎందుకొస్తుంది? వెంటనే కొంగుతో మొహం తుడుచుకొని వేరే మాట ఎత్తింది.

"సరే గానీ, పుట్టింటి చీర ఎవరు తెస్తారు?"

పెద్ద సిస్టర్‌కు అర్థం కాలేదు. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలని, అది కప్పందే సాగనంపకూడదని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పారు.

కన్సమ్మ చెయ్యి ఆకులోనే ఆగింది. "మా అమ్మ పుట్టింట్లో ఎవురూ మిగల్లేదక్కా. కొండ మీద వాళ్ళ ఇండ్లు కూడా లేవు."

అంతసేపూ నరకడం, పొడవడం అంటే ఆ ఆడవాళ్ళు ఏడ్చారు. కానీ ఒక ఆడదానికి పుట్టిల్లే లేకుండా చేశారన్న మాట దగ్గర వాళ్ళకు ఊపిరి ఆగింది.

"బతికింటే ఎన్నేండ్లుంటాయే మీ అమ్మకు?" అని అడిగింది లక్ష్మక్క.

"అరవై రెండు."

"నాకంటే చిన్నది. చెల్లెలు. అంతే! పుట్టిల్లు లేకేం? ఈడ ఉండాది. నేను రాలేను గానీ చీర పంపిస్తా. నా బదులు నువ్వు కప్పు."

మర్నాడే నలుగురు ఆడవాళ్ళు రాయదుర్గం బస్సెక్కారు. అంగట్లో పెద్ద రచ్చే అయింది. ముత్తైదువకు ఒక రంగు, ముండమోసినదానికి ఒక రంగు. "మొగుడు ముందు పోయినాడా, ఆయమ్మ ముందు పోయిందా? ఫోన్ చేసి కన్సమ్మను అడగండి," అని ఎవరో అన్నారు. లక్ష్మక్క ఆమె మీద విరుచుకుపడింది. "గుళ్ళో తలుపేసి నరికినప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక అని ఆ పిల్లను అడుగుతావేం? నా చెల్లెలు ముత్తైదువే. ఎర్రచీర చూపీ అన్నా, పసుపు అంచుది!"

కన్సమ్మ బయలుదేరే రోజున చీరను పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకుంది. బెంగళూరు బస్సు దగ్గర లక్ష్మక్క మళ్ళా వస్తావా అని అడగలేదు. అడిగితే ఏడుస్తానని భయం. నీళ్ళ సీసా ఇచ్చి, మూత బిగించుకోమని, కిటికీ పక్కన కూర్చోమని, అవీ ఇవీ చెప్పింది. కన్సమ్మ వంగి ఆమె కాళ్ళు ముట్టుకుంది. కన్యాస్త్రీలు అట్లా చేస్తారో లేదో లక్ష్మక్కకు తెలీదు. లేపి నెత్తి నిమిరింది.

నెలాఖరున ఒక మధ్యాహ్నం హేమావతి ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. వీధి ఆడవాళ్ళంతా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఫోనులో పచ్చటి కొండలు, సన్నటి వాన, తెల్లగుడ్డ కప్పిన పెట్టెల వరస. కన్సమ్మ మొహం బాగా వాచిపోయి ఉంది.

"పెద్దమ్మా," అంది.

తల్లికి అక్క అయితే పెద్దమ్మే మరి. లక్ష్మక్క ఫోనుకు దగ్గరగా జరిగింది. "చెప్పమ్మా," అంది.

"చీర విప్పినాను. ఒకదాన్నే పరచలేకపోయినా, పెద్దది కదా. పాటల సారు ముందుకొచ్చి ఇంకో కొస పట్టుకోబోయినాడు. అందరూ చూస్తాండారు."

"నువ్వేమన్న్యావ్?"

"వద్దన్నా. ఏడుస్తా వెనక్కి పోయినాడు. నేను సిస్టర్‌ను పెద్దమ్మా. వద్దనొచ్చునా?"

"అది నువ్వూ నీ దేవుడూ మెల్లగా మాట్లాడుకోండి. పుట్టింటి చీర వాడు ముట్టకూడదు. దాని పుట్టింటిదాన్ని, నేను చెప్తాండా."

కన్సమ్మ తల ఊపింది. కానీ మొహం తేరుకోలేదు. ఫోనును ఒక పెట్టె వైపు తిప్పింది. చీర దాని పక్కన మడత విప్పి పెట్టి ఉంది.

"ఇంకోటి పెద్దమ్మా. అరటితోటలో అమ్మ ఒక్కతే లేదు. చానామంది ఆడోళ్ళు, ఒకరిమీద ఒకరు. ఎవరి ఎముకలు ఎవరివో తెలీలేదు. అందరినీ ఈ ఒక్క పెట్టెలోనే పెట్టినారు. వాళ్ళ పుట్టిండ్లలో కూడా ఎవురూ లేరు. చీర మీరు అమ్మకని పంపిస్తిరి..."

లక్ష్మక్క వెనక్కి తిరిగి, తలుపు దగ్గర్నుంచి గోడ దాకా కూర్చున్న ఆడవాళ్ళ మొహాలన్నీ ఒకసారి చూసింది. అందరి కళ్ళలోనూ నీళ్ళే. ఆమె ఫోను రెండు చేతుల్తో దగ్గరికి తీసుకుంది.

"అందరూ మా ఇంటి ఆడబిడ్డలే. కప్పమ్మా. కాళ్ళు బయటికి కనపడకుండా నిండుగా కప్పు."