ఉప్పు పండించిన వాళ్ళింట్లో

నేను ఒక ఉప్పు జాడీని. మెడ దాకా గోధుమ రంగు, కింద పాలిపోయిన తెలుపు, నెత్తిన ఒక మూత. నాకు నోరుంది గాని మాట లేదు. నోరున్నందుకు మనుషులు రోజూ అందులో చెయ్యి పెట్టారు. మాట లేనందుకు చెప్పవలసింది చెప్పకుండానే నా కాలమంతా గడిచిపోయింది. ఇప్పుడు చెబుతున్నది కూడా ఓపిక ఉండి కాదు, మోసీ మోసీ విసుగొచ్చి.

నేను పుట్టింది బట్టీలో. మట్టిని మెత్తగా పిసికి, చక్రం మీద తిప్పి, పైన మెరుగు పూసి నిప్పుల్లో కాల్చారు. ఆ వేడికి నా పక్క జాడీలు కొన్ని పగిలిపోయాయి. పగలకుండా బయటపడ్డందుకు నేను అదృష్టవంతురాలినని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. వరిగడ్డిలో చుట్టి, బండికెత్తి, ఊరూరా తిప్పి, చినగంజాం దగ్గర సముద్రపు గాలి కొట్టే ఒక ఊళ్ళో నన్ను దించారు. అక్కడ పేరమ్మ అనే ఆమె నన్ను వేలి కణుపుతో టంగుమనిపించి, చెవి ఒగ్గి విని, "ఇది నా మనవడి పెళ్ళాం దాకా ఉంటది" అని చంకనెత్తుకుంది.

అది ఉప్పు మడుల ఊరు. ఎండలు ముదిరితే ఉప్పునీళ్ళు మడుల్లో ఇంకి తెల్లగా పేరుకుంటాయి. పొడుగు కర్రకు బిగించిన చెక్కపలకతో ఆ ఉప్పును గట్టుకు లాగుతారు. అక్కడివాళ్ళు ఉప్పు చేస్తామనరు, పండిస్తామంటారు. పేరమ్మ మొగుడూ, ఆయన పోయాక కొడుకు నాంచారయ్యా చేసింది ఆ పనే. కాళ్ళు ఉప్పుకు పగిలి, ఎండకు కమిలి, సాయంత్రానికి మనిషి మీదే ఉప్పు చారలు కట్టేవి. అలాంటి ఇంట్లో ఉప్పుకు కొరత లేదు, కొలతా లేదు. పేరమ్మ నాలో చెయ్యి పెట్టిందంటే పిడికిలి నిండాల్సిందే. పులుసులోకి ఒక పిడికిలి, మజ్జిగలోకి చిటికెలు కావు, గుప్పెడు. అది చాలదని పక్కన ఊరగాయ, ఎండు చేపలు, వడియాలు.

కోడలు సీతారావమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి కూర కాస్త చప్పగా వండింది. పేరమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏమ్మాయ్, మీ పుట్టింట్లో ఉప్పు అరువు తెచ్చుకుంటారా? ఉప్పు పండించే వాళ్ళింట్లో కూర చప్పగుందంటే ఊరు నవ్వుద్ది."

సీతారావమ్మ తల వంచుకుని వచ్చి నాలో చెయ్యి పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె పిడికిలి అత్త పిడికిలంత అయింది. మనుషులు ఆస్తుల్ని పంచుకునేటప్పుడు తగాదాలు పడతారు గాని, ఇలాంటివి మాత్రం మారు మాట లేకుండా పుచ్చుకుంటారు.

పేరమ్మ ఒక పొద్దున వాకిలి చిమ్ముతూ చిమ్ముతూ చీపురు మీదే కూలబడింది. నోరు పక్కకు పోయింది, మాట పడిపోయింది. "గాలి సోకింది" అన్నారు. మంచం మీద పడుకోబెట్టి విసిరారు, పసరు పోయించారు, దిష్టి తీశారు. దిష్టికి ఉప్పు కూడా నాలోంచే తీశారు. ఆమె మళ్ళీ లేవలేదు. దినాల వంటకు వచ్చినవాళ్ళు సైతం నాలో చెయ్యి పెట్టి గుప్పిళ్ళతోనే తీసుకుపోయారు. అప్పటికి నాకూ ఏమీ తెలియదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. నాంచారయ్యకు మోకాళ్ళు పట్టేసి మడులకు వెళ్ళడం మానేశాడు. టీ బంకు దగ్గర కూర్చోవడం, ఇంటికొచ్చి తినడం. చెమట పట్టడం ఆగిపోయింది గాని నాలుక మాత్రం పాత లెక్కే అడిగేది. అప్పుడప్పుడూ తల పట్టుకునేవాడు. మెడ వెనక లాగుతోందనేవాడు. ఒకసారి బళ్ళో డాక్టర్లు వచ్చి ఊరందరికీ పరీక్షలు చేస్తుంటే సీతారావమ్మ వెంటపడి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక నా ముందే పీట వేసుకుని కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"విన్నావటే? నాకు బీపీ అంట. ఉప్పు తగ్గించాలంట, ఊరగాయ ముట్టుకోకూడదంట. ఉప్పు పండించినోడికా ఆ డాక్టరు పిల్ల చెప్పేది!"

"నవ్వులాట గాదయ్యా. రోజూ మాత్ర వేసుకోమంది. బాగుందని మానేయొద్దని మరీ మరీ చెప్పింది."

మాత్రల అట్టను సీతారావమ్మ గూట్లో నా పక్కనే పెట్టింది. కొన్నాళ్ళు అది తగ్గుతూ వచ్చింది. తలనొప్పి పోయింది. ఆ తర్వాత అట్ట తగ్గడమూ ఆగిపోయింది. ఆమె అడిగితే, "నొప్పి పోయింది గదే. ఆరిపోయిన పొయ్యి మీద ఎవరన్నా నీళ్ళు పోస్తారా?" అన్నాడు. నాకు మాత్రం ఆ పొయ్యి ఆరలేదనిపించేది. నివురు కింద నిప్పును రోజూ పొద్దున చూసేదాన్ని గదా.

ఒక ఉదయం సీతారావమ్మ పప్పులోకి ఎండు నెత్తళ్ళ చేపలు వేయించింది. నాంచారయ్య రెండు ముద్దలు తిన్నాడు. మరో ముద్ద ఎత్తేసరికి అది చేతిలోంచి కంచంలోకి జారిపోయింది. మళ్ళీ ఎత్తబోయాడు, చెయ్యి లేవలేదు. పెళ్ళాన్ని పిలవబోతే పేరు రాలేదు, మూతి ఒక పక్కకు లాగింది.

అరుపు విని ఇరుగుపొరుగు చేరారు. ఒకామె ఉల్లిపాయ వాసన చూపించమంది. ఇంకొకామె, పక్క ఊళ్ళో పసరు పోసేవాడున్నాడు, కబురంపండి, ఈలోగా కదపకుండా పడుకోబెట్టండి అంది. సీతారావమ్మ అప్పటికే చెంగు బిగించి కట్టుకుంది.

"మా అత్తను ఇట్టాగే పడుకోబెట్టాం గదా. లేచిందా? జరగండి. ఎవరన్నా ఆటోను పిలవండి, ఆసుపత్రికి పోవాల."

ఎవరో వద్దంటున్నా వినకుండా మనిషిని ఎత్తించుకుని వెళ్ళిపోయింది. నేను మూత తెరిచిన నోటితో అలాగే ఉండిపోయాను. తిన్న కంచం మీద చీమలు పట్టాయి. అప్పుడు మొదటిసారి నేను నన్ను గురించి ఆలోచించాను.

నాంచారయ్య బతికి వచ్చాడు. ఆలస్యం చెయ్యకుండా తెచ్చారు గనక బతికాడని డాక్టర్లు చెప్పినట్టు వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. కుడి చేతికి సరిగా పట్టు దొరకదు, మాట కాస్త ముద్దగా వస్తుంది. గోడ పట్టుకుని నడవగలడు. మాత్రలు సీతారావమ్మే చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడుతుంది. తగువంతా తిండి దగ్గరే. ఆయనకు విడిగా ఉప్పు తగ్గించి వండి, తనకు మామూలుగా వండుకునేది. కంచం ముందుకొస్తే ఆయన ముఖం ముడుచుకుపోయేది.

"ఏందే ఇది? గొడ్లకు పోసే కుడితి ఇంతకన్నా నయం" అని ఎడమ చేత్తో కంచం నెట్టేసేవాడు. ఒక పూట పస్తు, ఒక పూట తిట్లు. ఆమె ఎంగిలి ఎత్తి, నేల తుడిచి, తన అన్నం తాను తినేది. తన గిన్నెలోంచి వచ్చే పులుసు వాసన గదంతా నిండేది. పాపం, ఆ వాసన ఆయనకు తగలకుండా ఎక్కడ తినగలదు?

ఒక మధ్యాహ్నం ఆమె పంపు దగ్గరికి నీళ్ళకు వెళ్ళింది. ఆయన గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఎడమ చేత్తో నా మూత తీసి, గుప్పెడు ఉప్పు తీసుకుని, నాలుగు రాళ్ళు నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పండించిన పంటను దొంగతనంగా తింటున్న ఆ మనిషిని చూసి జాలిపడాలో భయపడాలో నాకు తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి సీతారావమ్మ బిందెతో గుమ్మంలో నిలబడి ఉంది.

తిడుతుందనుకున్నాను. బిందె దించి, నేల మీద చతికిలబడింది.

"ఆటోలో నీ తల నా ఒళ్ళో ఉండింది. నావంకే చూస్తన్నావు. నేనెవరో నీకు తెలియలా. ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూశావయ్యా. ఆ చూపు ఇంకోసారి నేను చూళ్ళేను. నువ్వు తింటానంటే తిను. నేను అడ్డం రాను."

ఆయన అరచేతిలో మిగిలిన ఉప్పును తూములో కడిగేశాడు. "నువ్వు మాత్రం కమ్మగా వండుకుని తింటావు" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

ఆమె తలెత్తి చూసింది. ఆ మాట ఆమెకు తగలవలసిన చోట తగిలింది. ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఒకటే గిన్నె. ఆయన తిన్నదే ఆమె కూడా తిన్నది. నన్ను పొయ్యి పక్కనుంచి తీసి వెనక మూలకు జరిపింది. ఊరగాయ జాడీని పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. పప్పులో వెల్లుల్లి ఎక్కువ వేసి ఎర్రగా పోపు పెట్టడం, దించాక నిమ్మకాయ పిండడం, వేయించిన జీలకర్ర నలిపి చల్లడం, కొత్తిమీర దండిగా వెయ్యడం ఇలా ఏదో ఒక తంటా పడింది. మొదట్లో తనకే ముద్ద దిగేది కాదు. నీళ్ళు తాగి మింగేది. చల్లపొద్దున ఇద్దరూ రోడ్డు చివరి దాకా మెల్లగా నడిచి వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు కంచాలు నెట్టిన చప్పుడు వినపడటం మానింది.

అలాంటప్పుడు పేరమ్మ ఆబ్దికానికి నాంచారయ్య అక్క వెంకాయమ్మ చీరాల నుంచి పిల్లల్తో, మనవళ్ళతో వచ్చింది. సీతారావమ్మ అందరికీ తన పద్ధతిలోనే వండి వడ్డించింది. వెంకాయమ్మ మొదటి ముద్దకే చెయ్యి కంచంలో వదిలేసింది.

"ఇదేం కూరే? మా అమ్మ తద్దినం నాడు, మా అమ్మ వంటింట్లో చప్పిడి కూడా? చేతగాకపోతే చెప్పు, నేను వండేదాన్ని. ఇట్టాంటి తిండి పెట్టి నా తమ్ముణ్ణి ఎండగట్టి చంపేట్టున్నావు."

పంక్తిలో అందరూ తినడం ఆపేశారు. సీతారావమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ మొగుడి తిట్లకు రాని నీళ్ళు అప్పుడు కళ్ళలో తిరిగాయి. నాంచారయ్య ఎడమ చేత్తో కంచం ముందుకు జరిపాడు.

"సీతారావా, కూర ఇంకొంచెం వెయ్యి."

ఆమె వేసింది. ఆయన తీరిగ్గా ముద్ద కలుపుకుని, మాట కూడబలుక్కుంటూ అక్కతో అన్నాడు. "అక్కా, నీకు ఉప్పు గావాలంటే జాడీ ఆ మూలుంది, వేసుకో. సీతారావను మాత్రం ఏం అనబాక. నేను ఈ కంచం ముందు కూర్చున్నానంటే దానివల్లే."

వెంకాయమ్మ వెళ్ళేటప్పుడు మాత్రం ఊరుకోలేదు. "మీకు ఉప్పుతో పని లేదు గదా, అది మా అమ్మ జాడీ, నాకివ్వు" అంది. సీతారావమ్మ నన్ను చెంగుతో తుడిచి, మూత సర్ది, "తీసుకుపో వదినా" అని చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు క్షణం పాటు చెయ్యి నా మీదే ఉంచింది. నాకు కాస్త దిగులేసింది. జాడీకి ఎక్కడైతే ఏం అంటారు మీరు. రెండిళ్ళలో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

వెంకాయమ్మ ఇంట్లో నాకు మళ్ళీ పొయ్యి పక్కన చోటు దొరికింది. మొదటి పూట ఆమె నాలో చెయ్యి పెట్టగానే గుర్తుపట్టాను. అచ్చం పేరమ్మ పిడికిలి. అదే నిండుదనం, అదే ధీమా. మళ్ళీ మొదలు గదా అని నీరసం వచ్చింది. కొన్నాళ్ళకు ఆమె వంట మధ్యలో ఆగి కణతలు నొక్కుకోవడం మొదలుపెట్టింది. తలకు గుడ్డ కట్టుకుని, నుదుటికి బామ్ రాసుకుని, "ఎండ దెబ్బ" అనేది. ముసురు పట్టిన రోజున కూడా ఎండ దెబ్బే అనేది. నేను అరవాలనుకున్నాను. అరవడానికి నాలో ఉప్పు తప్ప ఏముంది?

ఫోనులో తలనొప్పి సంగతి తమ్ముడితో అన్నట్టుంది. ఒకరోజు పొద్దున్నే బస్సు దిగి సీతారావమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, గుడ్డ కట్టుకున్న ఆడపడుచును చూసింది.

"వదినా, చెప్పులేసుకో. పోదాం."

"ఎక్కడికే? నాకేం రోగం?"

"లేకపోతే లేదని చెప్తారు, వచ్చేద్దాం. నీకోసమే గాదులే. ఇంటాయన గొడవలో పడి నేను కూడా ఇంతవరకూ చూపిచ్చుకోలా. ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉంది, తోడు రా."

వెంకాయమ్మ గొణుక్కుంటూనే చెప్పులేసుకుంది. మరదలు తనను సాధించడానికే వచ్చిందనుకుని ఉండొచ్చు. మధ్యాహ్నానికి ఇద్దరూ తిరిగొచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ మందుల పొట్లాలున్నాయి. ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని ఊరికే ఒకరి పొట్లం ఒకరు చూసుకున్నారు.

"నీక్కూడానా?" అంది వెంకాయమ్మ, ఆశ్చర్యంగా. "ఇన్నాళ్ళూ చప్పిడి తిన్నావు గదే."

"అంతకు ముందు తిన్నది ఎన్నేళ్ళు వదినా? నాకన్నా నీకే బీపీ కాస్త ఎక్కువుందన్నారు. మాత్ర మానకుండా వేసుకుంటే ఏం గాదన్నారు గదా."

వెంకాయమ్మ లేచి పొయ్యి వెలిగించింది. వంకాయలు తరిగింది. అలవాటు చొప్పున నాలో చెయ్యి పెట్టి పిడికిలి నింపింది. గిన్నె దాకా వెళ్ళి ఆగింది. మరదలు వెనకే ఉంది. వెంకాయమ్మ వెనక్కి వచ్చి, నా నోటి మీద వేళ్ళు వదులు చేసింది. ఉప్పు రాళ్ళు గలగలా నాలోకి రాలాయి. ఇన్నేళ్ళుగా ఎత్తిన పిడికిలి ఎత్తినట్టే పోవడమే ఎరుగుదును. రేపు ఈ చెయ్యి ఏం చేస్తుందో నాకు తెలియదు. అలవాటు ఎంత మొండిదో రెండు తరాలు చూశాను. అయినా ఆ చప్పుడు వినడం బాగుంది.

కూర దించి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వెంకాయమ్మ ఒక ముద్ద తిని ముఖం చిట్లించింది.

"చప్పగుందే."

"ఉంటది వదినా" అంది సీతారావమ్మ.

వెంకాయమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది.