పెద్ద క్యాబినెట్

కాలిన వాసన రాగానే ప్రమోద్‌కు అర్థమైపోయింది. స్విచ్ ఆపేలోపే అంతా అయిపోయింది.

గల్ఫ్‌లోని రువైస్‌లో, కంపెనీ క్వార్టర్స్‌లో, అతని గదిలో టీవీ బల్ల కింద ఒక స్టోరేజ్ సర్వర్ ఉండేది. నాలుగు హార్డ్ డిస్కులున్న చిన్న డబ్బా. ఫోటోలూ వీడియోలూ దాచుకోవడానికి తనే తయారుచేసుకున్నాడు. ఎండలు ముదిరేసరికి డిస్కులు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయని గాలి బాగా ఆడే పెద్ద క్యాబినెట్ కొన్నాడు. దానితోపాటు కొత్త పవర్ సప్లై. ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టి డిస్కులన్నీ అందులోకి మార్చాడు. పాత వైర్లు డిస్కులకు తగిలించి, కట్లు వేసి ఉన్నాయి. కొత్త వైర్లు కవర్‌లోనే ఉన్నాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఒక కంపెనీ వైర్లు ఇంకో కంపెనీ పవర్ సప్లైకి పెట్టకూడదని, పెడితే డిస్కులు కాలిపోవచ్చని అతనికి తెలుసు. తెలిసీ, ఇప్పుడివన్నీ ఎవడు విప్పుతాడులే అనుకుని పాతవే ఉంచి స్విచ్ వేశాడు.

తన ఫోటోలు చాలామటుకు జగిత్యాలలో భార్య మాలతి దగ్గర ఉన్నాయి. అప్పాజీవి మాత్రం ఇంకెక్కడా లేవు.

అప్పాజీది పక్క గది. అమలాపురం వైపు మనిషి, రిఫైనరీలో పైపులు బిగించే పని. ఆయన భార్య బేబీ కరోనాలో పోయింది. వెళ్తే మళ్లీ రానివ్వని రోజులవి. ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఆమె ఇంటి నుంచి పంపిన వీడియోలే మిగిలాయి. ఫోన్ నిండిపోయి మొరాయిస్తుంటే, "నా డబ్బాల పెట్టుకో అన్నా, ఏడికి పోవు" అన్నది ప్రమోదే. ఆయన వెనకాడుతున్నా వినకుండా ఫోన్‌లోవి తుడిచేసిందీ ప్రమోదే.

ఆ సాయంత్రం అప్పాజీ రానే వచ్చాడు. ఆదివారాలు టీవీలో బేబీని చూసుకోవడం ఆయనకు అలవాటు.

"ఏంటి తమ్ముడూ, బీరువా కొన్నావా?" అన్నాడు క్యాబినెట్ చూసి నవ్వుతూ.

"ఇంకా పని నడుస్తున్నదన్నా. వచ్చే వారం చూద్దువు."

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు ప్రమోద్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. మరుసటి వారం ఏదో పార్ట్ రావాలన్నాడు. ఈలోపు అబుదాబిలో డిస్కులు బాగుచేసే షాపులో ఇచ్చి చూశాడు. నాలుగింట్లో ఒక్కటే లేచింది. ప్రతి వీడియో ముక్కలై నాలుగింటి మీదా పరుచుకుని ఉండటంతో ఒక్కదానితో ఏమీ రాలేదు. "ఖలాస్ భాయ్" అన్నాడు షాపువాడు.

ఆ తర్వాత షిఫ్ట్ మార్పించుకుని అప్పాజీకి ఎదురుపడకుండా తిరిగాడు. ఒంట్లో బాగోలేదేమోననుకుని అప్పాజీ చేపల పులుసు వండి తలుపు దగ్గర పెట్టి వెళ్లాడు. ప్రమోద్ అన్నం కలిపాడు గానీ తినలేదు. అలాగే లేచి పక్క గదికి వెళ్లాడు.

"అన్నా, వీడియోలు పోయినయ్. డిస్కులు వాటంతటవి పాడుగాలే, నేనే కాలవెట్టిన. వైర్లు మార్చనీకి బద్ధకమైంది. ఇన్నొద్దులూ నీకు అబద్ధం చెప్పిన."

అప్పాజీ మంచం మీద కూర్చుండిపోయాడు. "అన్నీనా?"

"అన్నీ."

"రెండో మూడో ఫోన్లో ఉంచుకుంటానన్నాను కదయ్యా" అన్నాడు. "నువ్వే అక్కర్లేదన్నావు."

తిట్టినా బాగుండేదనిపించింది ప్రమోద్‌కు.

బేబీ చెల్లెలు సత్యకుమారి అబుదాబి శివార్లలోని బనియాస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పని చేస్తోంది. అప్పాజీ పంపితే ప్రమోద్ ఒకసారి ఆమెకు పార్సిల్ ఇచ్చి వచ్చాడు. బేబీ వీడియోలు ఆమె దగ్గరేమైనా ఉన్నాయేమోనని సెలవు పెట్టి బస్సెక్కి ఆ ఇంటికే వెళ్లాడు. ఆమె గేటు దగ్గరికి వచ్చి అంతా విని తల దించుకుంది.

"వీడియోలు నా దగ్గర లేవండి. అక్క మాట్లాడి పంపిన వాయిస్ ఒకటుంది. బావ బాధపడతాడని ఇన్నాళ్లూ వినిపించలేదు."

"పంపమ్మా. బావను అడిగి, సరే అంటేనే వినిపిస్త."

ప్రమోద్ తిరిగొచ్చి అడిగితే అప్పాజీ వింటానన్నాడు. బేబీ గొంతు గదిలో గట్టిగా పలికింది. "మీ బావ ఫోన్ చేస్తే వానలు పడ్డాయా, కొబ్బరి దింపారా అంటాడే గానీ, నువ్వెలా ఉన్నావే అని ఒక్కసారైనా అడగడే!" వెనక ఎవరో నవ్వుతున్నారు. ఆమె కూడా నవ్వేసింది. అంతే.

అప్పాజీ మళ్లీ పెట్టించుకున్నాడు. "నిజమే. అడగలేదు" అన్నాడు. కళ్లు తుడుచుకుని తన ఫోన్‌కు పంపించుకున్నాడు.

"ఇంకో కాపీ ఎక్కడన్న దాచమంటవా అన్నా?" ప్రమోద్ మెల్లగా అడిగాడు.

"వద్దు తమ్ముడూ. ఇది నా దగ్గరే ఉండనీ."

ఆ తర్వాత కూడా కంపెనీ బస్సులో అప్పాజీ అతని పక్కనే కూర్చునేవాడు. ఎండ గురించీ, మేనేజర్ చిరాకుల గురించీ మాట్లాడేవాడు. ఆదివారాలు మాత్రం గదికి రావడం మానేశాడు. రమ్మని పిలవడానికి ప్రమోద్‌కు నోరు రాలేదు.