బడిలో నీళ్ళు తాగం

“మళ్ళ పోతున్నవా?” అంది అత్తమ్మ.

డోర్కాస్ పెళ్ళయి నాంపల్లి ఇంటికి వచ్చిన మొదటి వారంలో విన్న మాట అది. చేతిలో మగ్గు ఉంది. అత్తమ్మ కోపంగా ఏమీ అనలేదు. చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండా, ఏదో గుర్తుచేసినట్టు అంది. కానీ వరండాలో పేపరు చదువుతున్న ఇంటి ఓనరుకీ, అతని తమ్ముళ్ళకీ ఆ మాట వినిపించింది. అన్ని వాటాలకూ కలిపి ఒకటే పాయఖానా, వాకిలికి ఆ చివర. అక్కడికి వెళ్ళాలంటే ఆ వరండా ముందునుంచే వెళ్ళాలి. ఎవరూ నవ్వలేదు. ఒకాయన పేపరు కాస్త దించి చూసి మళ్ళీ ఎత్తుకున్నాడు, అంతే. డోర్కాస్ మగ్గును కొంగు చాటున దాచుకుని వెనక్కి వచ్చేసింది.

ఆ రోజునుంచి ఆమె నేర్చుకుంది. ఎవరూ లేవకముందు ఒకసారి, వరండా ఖాళీ అయ్యాక ఒకసారి. మధ్యలో ఎలా గడపాలో ఆడవాళ్ళందరిలాగే ఆమె కూడా తనంతట తనే తెలుసుకుంది. నీళ్ళు తాగకపోతే చాలు. తెల్లవారుజామున నల్లా వచ్చినప్పుడు బిందెలు మోసేది ఆమే, కాచి చల్లార్చేది ఆమే. భర్త తిమోతికి ఒక సీసా, పిల్లలిద్దరికీ చెరొకటి, అత్తమ్మ మంచం పక్కన రాగి చెంబు. ఆమె మోసిన నీళ్ళు ఇంటిల్లిపాదీ తాగేవాళ్ళు. ఆమె పెదవులు తడుపుకుని వదిలేసేది. తిమోతి చెడ్డవాడని ఎవరూ అనరు. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, చర్చి కాయిర్‌లో పాడతాడు, చెయ్యెత్తి ఎరగడు. ఒకసారి మెదక్‌లోని ఆమె పుట్టింటికి బస్సులో వెళ్తుంటే దారిలో ఇక ఆపుకోలేక, ఆపమని డ్రైవరుకు చెప్పమని అతని చెవిలో అడిగింది. “బయల్దేరేముందే పోయి రావద్దా? చిన్నపిల్లవా?” అన్నాడు అతను నవ్వుతూ, ముందు సీటువాళ్ళకు వినపడేలా. ముందు సీటువాళ్ళూ నవ్వారు. వాళ్ళతో పాటు తనూ నవ్వడం డోర్కాస్‌కు చాలా ఏళ్ళ వరకు గుర్తుండిపోయింది. బస్సు ఆగకపోవడం కన్నా ఆ నవ్వే ఎక్కువ గుర్తుంది.

పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక ఆమె ఆబిడ్స్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. పాత భవనం రెండో అంతస్తులో ఆఫీసు. రెండు వేల మూడు నాటికి ఆ సంస్థ పని బస్తీల పిల్లలను కూర్చోబెట్టి వాళ్ళకు ఏం కావాలో వినడం, విన్నది వార్డు కమిటీకి చేర్చడం, మున్సిపల్ బడ్జెట్‌లో పిల్లల పేరు మీద ఏం రాయాలో కార్పొరేటర్లకూ అధికార్లకూ చెప్పడం. డైరెక్టరు ఇంద్రసేన ప్రతి శిక్షణలోనూ ఒకటే మాట చెప్పేవాడు. “పిల్లలు చెప్పింది చెప్పినట్టే రాయాలె. దాంట్ల మన మాట కలపొద్దు.” డోర్కాస్‌కు ఆ మాటంటే చాలా ఇష్టం. తను చెప్పిన మాటను చెప్పినట్టే ఎవరైనా ఎక్కడైనా రాసుకుంటారని ఆమెకు అంతకుముందు తెలియదు.

ఆ ఆఫీసులోనూ పాయఖానా ఒకటే. దానికి తాళం. తాళంచెవి అటెండరు బిచ్చయ్య బల్ల మీద మేకుకు వేలాడుతుంది. బిచ్చయ్య మంచివాడే, అడగ్గానే ఇస్తాడు. కానీ అడగాలి. నలుగురు మగవాళ్ళు పనిచేసుకుంటున్న గది మధ్యలోంచి నడిచి, అడిగి, తీసుకుని, మళ్ళీ తెచ్చి తగిలించాలి. ఆమె అడగడం మానేసింది. పొద్దున ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా అలాగే ఉండేది. ఎండాకాలంలో చలిజ్వరం వచ్చేది, పొత్తికడుపు మండేది. దవాఖానలో డాక్టరమ్మ మందులు రాసి, నీళ్ళు బాగా తాగమంది. ఇంటికొచ్చాక తిమోతి కూడా అదే అన్నాడు, నీళ్ళు తాగడానికేం రోగమని. ఎందుకు తాగడం లేదని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేది కాదేమో.

ఆ ఏడు వానాకాలంలో నాంపల్లి వెనక సందులో ఉన్న సర్కారు ఆడపిల్లల బడికి వెళ్ళింది. ఎనిమిదో తరగతి గదిలో పిల్లలు నేల మీద కూర్చున్నారు. హెడ్మాస్టరూ, ఇద్దరు సార్లూ తలుపు దగ్గర నిలబడ్డారు. మీ బడికి ఏం కావాలో చెప్పమంటే ఒకరు బల్లలన్నారు, ఒకరు ఫ్యాన్లన్నారు. అప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసే మొగులయ్య బిడ్డ సునంద లేచింది. సన్నటి పిల్ల. జడ చివర పట్టుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

“మేం బడిల నీళ్ళు తాగం మేడం.”

పిల్లలందరూ తలలు దించుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. డోర్కాస్‌కు అర్థం కావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఎందుకు తాగరో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, గోడ పక్కన తలుపు ఊడిపోయిన పాయఖానా, దాని ముందు పెరిగిన గడ్డి. ఆ పిల్లలు పొద్దుననుంచీ ఎలా కూర్చున్నారో, కాళ్ళు ఎలా ముడుచుకున్నారో ఆమెకు చూడకుండానే తెలుసు. అడిగితే చెప్పేవాళ్ళు. అడిగితే ఆ మాట తన నోట్లోంచి కూడా రావాలి, తలుపు దగ్గర నిలబడ్డ ముగ్గురు మగవాళ్ళ ముందు. మొహం వేడెక్కింది. సరేనమ్మా కూచో అంది. ఇంకెవరికేం కావాలి అని తర్వాతి పిల్ల వైపు తిరిగింది.

ఆఫీసుకు రాగానే పిల్లలు ఏమన్నారని ఇంద్రసేన అడిగాడు. బిచ్చయ్య అందరికీ చాయ్ అందిస్తున్నాడు. బడిలో నీళ్ళు తాగడం లేదట సార్ అని చెప్పింది డోర్కాస్. అది అబద్ధం కాదు, ఆ తర్వాత చాలాసార్లు తనకు తాను అలాగే చెప్పుకుంది. “తాగునీరు. మంచి డిమాండు. ఏ ఆఫీసరు గూడ కాదనడు,” అన్నాడు ఇంద్రసేన సంతోషంగా. అది కాదు సార్ అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. నలుగురూ కప్పులు పట్టుకుని తన వైపే చూస్తున్నారు. తలూపింది. సాయంత్రం తనే నివేదిక రాసింది, ‘బాలికల ఉన్నత పాఠశాలలో తాగునీటి కొరత తీవ్రంగా ఉంది’ అని. చక్కటి వాక్యం. దాంట్లో సిగ్గుపడాల్సిన మాట ఒక్కటీ లేదు.

బడ్జెట్‌లో అది పడింది. మంజూరూ అయింది. సంస్థలో అందరూ మెచ్చుకున్నారు, పిల్లలు అడగగానే ఇలా రావడం అరుదని. ఎండలు ముదిరేలోపే నల్లటి పెద్ద ట్యాంకు, తెల్ల పలకల గట్టు, వరసగా కుళాయిలు బడి ఆవరణలోకి వచ్చాయి. ఆ తలుపు లేని పాయఖానాకు పది గజాల దూరంలో. కార్పొరేటరు వచ్చి రిబ్బను కత్తిరించి, స్టీలు గ్లాసులో నీళ్ళు పట్టి, ఈ కోరిక అడిగిన బిడ్డ ఎవరని వెతికి సునందను ముందుకు పిలిపించాడు. ఫోటోగ్రాఫరు గ్లాసు పైకెత్తి పట్టుకోమన్నాడు. సునంద డోర్కాస్ వైపు చూసింది. గ్లాసు నోటికి పెట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. జనం కుర్చీల వైపు కదిలాక ఆ పిల్ల ట్యాంకు వెనక్కి వెళ్ళి, బుగ్గలో పట్టుకున్న నీళ్ళు గోడ వారగా ఉమ్మేసింది.

డోర్కాస్ చూసింది. సునంద కూడా తనను చూసిందని గమనించింది.

“మేం చెప్పింది మీకు సమజ్ గాలేదా మేడం?”

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది, తను సరిగ్గా చెప్పలేదేమోనన్నట్టు. డోర్కాస్‌కు తల కొట్టేసినట్టయింది. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు, ఎవరో పిలుస్తున్నారంటూ అక్కణ్ణుంచి వచ్చేసింది. ఆబిడ్స్ దాకా నడుస్తూ, పోస్టాఫీసు దాటి, ఆఫీసు మెట్లెక్కుతూ ఆ పిల్ల మొహమే. తనను ఎవరో ఏదో చేశారని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ చేసినవాళ్ళ పక్కన తను కూడా నిలబడి ఉంది, చేతిలో కలంతో.

వారం తిరక్కముందే ఇంద్రసేన ఇంకో కబురు చెప్పాడు. వచ్చే ఏటి బడ్జెట్ కోసం సర్కిల్ ఆఫీసులో సమావేశం ఉంది, ఆ ట్యాంకు గురించి డోర్కాసే మాట్లాడాలి. పిల్లల మాట వింటే ఎంత మేలు జరుగుతుందో మిగతా వార్డులకు తెలియాలి.

ఆ సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ తిమోతికి జరిగింది చెప్పింది. సమావేశంలో నిజం చెప్పేస్తానంది. అతనికి అర్థం కాలేదు. ట్యాంకు వచ్చింది కదా, మంచే జరిగింది కదా, దానికి ఏడుపెందుకన్నాడు. తర్వాత గొంతు మారింది.

“అంతమంది మగోళ్ళ ముంగట పాయఖానా ముచ్చటా? ఆళ్ళల్ల మన చర్చోళ్ళు గూడ ఉంటరు. జర ఇజ్జత్ చూసుకో, డోర్కా.”

మంచం మీదున్న అత్తమ్మ ఆ మాటలన్నీ వింటూనే ఉంది. ఇంత రాద్ధాంతం ఎందుకంది. “మేం బతకలేదా? నేను ఈ ఇంట్లకు వచ్చినప్పుడు మా అత్త నన్ను గట్లనే అంటుండె. పొద్దూకెదాంక ఆపుకునేదాన్ని. ఇద్దరు పిల్లలు కడుపుల ఉన్నప్పుడు గూడ.” ఆ మాట గర్వంగానే మొదలైంది. చివరికొచ్చేసరికి గర్వం లేదు. ముసలామె చెయ్యి దుప్పటి కింద పొత్తికడుపు మీదికి పోయింది, గోడ వైపు తిరిగి పడుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి డోర్కాస్‌కు ఆమె మీద కోపం రాలేదు. అత్తమ్మ తనకు అందినదాన్ని కోడలికి అందించింది. తను సునందకు అందించింది. అత్తమ్మ నోటితో చేసిన పని తను రాతతో చేసింది, అంతే తేడా.

సమావేశానికి ముందురోజు బడికి వెళ్ళింది. సునందను వరండాలోకి పిలిచింది. ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చింది కానీ, ఆ పిల్లను చూశాక అవేవీ పనికిరాలేదు.

“ఆ రోజు నువ్వు చెప్పింది నాకు సమజయింది బిడ్డా. అప్పుడే సమజయింది. రాయనీకి సిగ్గయింది.”

సునంద కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ నిలబడింది.

“చెప్పెటప్పుడు మాకు సిగ్గు గాలేదా మేడం?”

అంతే అంది. గంట కొట్టారు, లోపలికి వెళ్ళిపోయింది. డోర్కాస్ ఆ వరండాలో చాలాసేపు నిలబడింది. పదమూడేళ్ళ పిల్ల తలుపు దగ్గర సార్లు నిలబడి ఉండగా, తరగతంతా తల దించుకుని ఉండగా, తన సిగ్గును తనే దాటుకుని, ఉన్నవాటిలో కాస్త మర్యాదైన మాట వెతుక్కుని చెప్పింది. వినడానికి జీతం తీసుకునే మనిషి ఆ మర్యాదైన మాటను పట్టుకుని, దాని వెనకున్న పిల్లను వదిలేసింది.

మర్నాడు సర్కిల్ ఆఫీసు మీటింగు హాల్లో కార్పొరేటరు, ఇంజనీరు, లెక్కలు చూసే ఆఫీసరు, చుట్టుపక్కల బడుల హెడ్మాస్టర్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇంద్రసేన ఆమెను పరిచయం చేసి, మా డోర్కాస్ గారు ఆ విజయం గురించి చెప్తారన్నాడు. ఆమె లేచింది. రాసుకొచ్చిన కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఆనించింది.

“పిల్లలు అడిగింది నీళ్ళు కాదు సార్. పాయఖానా అడిగిన్రు. తలుపున్న పాయఖానా.”

ఎవరో దగ్గారు. మరి పోయినసారి నీళ్ళనే రాసిచ్చారు కదమ్మా అన్నాడు కార్పొరేటరు, అయోమయంగా. నేనే తప్పు రాశాను సార్ అని చెప్పింది, నాకు సిగ్గయి అలా రాశాను అంది. ఇంద్రసేన తల దించుకున్నాడు. చెవులు మండిపోతున్నా డోర్కాస్ ఆగలేదు. ఆ బడిలో పిల్లలు పొద్దుననుంచీ గుక్కెడు నీళ్ళు ఎందుకు తాగరో చెప్పింది. పెద్దపిల్లలు నెలనెలా ఏ రోజుల్లో బడి మానేస్తారో, అలా మానేసి మానేసి కొందరు ఎలా పూర్తిగా ఆగిపోతున్నారో చెప్పింది. ఎదురుగా కూర్చున్న ఆ బడి హెడ్మాస్టరు ఫ్యాను వైపు చూశాడు. తనూ తాగదని, ఏళ్ళుగా తాగడం లేదని కూడా చెప్పింది. అది చెప్పాలని అనుకోలేదు, వచ్చేసింది. అది విన్నాక ఆ గదిలో ఎవరి చూపులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు.

లెక్కల ఆఫీసరు మర్యాదగానే అన్నాడు, ఒకే బడికి వరసగా రెండేళ్ళు ఇవ్వడం కష్టమని.

“అయితే ఇయ్యలేమని రాయుండ్రి సార్. వాళ్ళు అడగలేదని మాత్రం రాయొద్దు.”

ఆయన కాసేపు ఆమె వైపు చూసి కలం మూత తీశాడు. పాయఖానా అని రాయడానికి ఆయనకూ కొంచెం సమయం పట్టింది. ఆ బడికి తలుపులూ గొళ్ళేలూ ఉన్న గదులు రావడానికి ఇంకో రెండు ఎండాకాలాలు పట్టాయి. అప్పటికి సునంద పదో తరగతి దాటి వెళ్ళిపోయింది. ఇంద్రసేన కొన్నాళ్ళు డోర్కాస్‌తో ముభావంగా ఉన్నాడు. తిమోతి ఆ ఆదివారం చర్చిలో కాయిర్‌తో నిలబడకుండా వెనక వరసలో కూర్చున్నాడు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు మాత్రం చాయ్ కోసం సమావేశం ఆపారు. అందరూ లేచి నిలబడి, ఆమెను చూడనట్టే వేరే మాటల్లో పడ్డారు. కుర్చీ వెనక నిలబడ్డ డోర్కాస్‌కు పొద్దుననుంచీ ఉన్న అవసరం ఇక ఆగేట్టు లేదు. ఇల్లు దగ్గరే. తలుపు ఇంకా దగ్గర. ఎప్పటిలాగే కొంగు సర్దుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోవచ్చు. ఆమె వెళ్ళలేదు.

“సార్,” అంది, గది మొత్తానికి వినపడేలా. “ఈ ఆఫీసుల ఆడోళ్ళ పాయఖానా ఎక్కడుంది?”

వార్డులో ఏ పైపు ఏ సందులోంచి పోతుందో చెప్పగలిగిన ఇంజనీరు కార్పొరేటరు వైపు చూశాడు. కార్పొరేటరు ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు చేతిలోని కప్పు వైపు చూసుకున్నాడు. డోర్కాస్ జవాబు కోసం అక్కడే నిలబడింది.