చెనిక్కాయల జోస్యం

నేల తరగతిలో మూడో స్తంభం దగ్గర వరదరాజులు గొంతుక్కూర్చుని, చీపురు పక్కన పెట్టి, చెనిక్కాయల, అదే వేరుశెనగల, పొట్టును వేళ్ళతో కెలుకుతున్నాడు. మ్యాట్నీకి ఇంకా మూడు గంటల టైముంది. పైన రేకులు అప్పుడే కాగడం మొదలుపెట్టాయి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఎడమ మోకాలు సరిగా వంగదు. కళ్ళజోడుకు ఒకవైపు కమ్మీ పోతే దారం కట్టుకున్నాడు. చూసేవాళ్ళకు ఉంగరం పోగొట్టుకున్నాడేమో అనిపిస్తుంది. అతను వెతుకుతున్నది, జనం తినకుండా వదిలేసిన కాయల కోసం.

దొరికాయి. ఒకటి రెండు కాదు, బెంచీల కింద, ఆడవాళ్ళ వైపు, గోడ వారగా, ఎక్కడ చూసినా కాయలే. సగం కూడా తినని పొట్లాలు పొట్లాలుగానే పడి ఉన్నాయి. ఒక గుప్పెడు జేబులో పోసుకుని లేచి, మోకాలు పట్టుకుని, "ఈ తూరి అవార్డు ఇంగ లాయరు బొమ్మకే" అని తనలో తానే అనుకున్నాడు.

పుంగనూరులో ఆ సినిమా హాలు డేరాగా ఉన్న రోజుల నుంచీ అతను గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాడు. ముప్పై ఏళ్ళు. కుడి బొటనవేలి చర్మం కాయ కాసి గవ్వలా గట్టిపడిపోయింది. ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం మొదటి అరగంట బయటే నిలబడాలి. జనం తొక్కుకోకుండా తలుపులు తీయడానికి చివరి పావుగంటకు ముందే లేవాలి. అందువల్ల ముప్పై ఏళ్ళలో ఒక్క బొమ్మనైనా అతను మొదటి నుంచి చివరిదాకా చూసి ఎరగడు. హీరోకూ విలన్‌కూ తగువు ఎందుకొచ్చిందో తెలియదు, ఎలా తీరిందో తెలియదు. అలాంటి మనిషిని ఊరు ఊరంతా "జడ్జి" అని పిలుస్తుంది. ఏటా ఇచ్చే సినిమా అవార్డులు ఎవరికొస్తాయో వరదరాజులు ముందే చెప్పేస్తాడని మదనపల్లె దాకా పేరు. సోమల నుంచి సంతకు వచ్చే రైతులు కూడా గేటు దగ్గర ఆగి, "జడ్జప్పా, ఈ తూరి ఎవరికి?" అని అడుగుతారు.

ఆ మాట విన్నప్పుడల్లా అతని తల దానంతటదే కిందికి వంగుతుంది. వినయం అనుకుంటారు జనం. వినయమూ కాదు, పాడూ కాదు. సిగ్గు.

అసలు జోస్యం లాల్ బీది. హాలు ఊడ్చే మనిషి ఆమె. పొట్టిగా, సన్నగా, నడుముకు చెంగు బిగించి, ఆట వదిలాక చీపురుతో లోపలికి దిగేది. అక్షరం ముక్క రాదు. సినిమా చూసే తీరికా లేదు. డెబ్బై ఎనిమిదిలో ఒక రోజు, మద్రాసు నుంచి వచ్చే సినిమా పత్రికలో, అవార్డులు ఎవరికొస్తాయో ఊహించి పంపమన్న కూపన్ చూసి, ఉత్తమ చిత్రం దగ్గర ఏం రాయాలో తోచక వరదరాజులు పెన్సిలు నములుతుంటే, ఆమె చీపురు ఆపింది.

"దానికేం ఆలోచన వరదప్పా? ఏ బొమ్మకు జనం చెనిక్కాయలు తినేది మరిసిపోతారో అదే పెద్ద బొమ్మ. ఊడ్సేదాన్ని, నాకు తెలీదా?"

అని ఊరుకోలేదు. ఆడవాళ్ళ వైపు పొట్లాలు నలిగి ఉంటే ఆ బొమ్మలో ఏడిపించిన ఆమెకు అవార్డు వస్తుందంది. నేల తరగతిలో కాయలు చెల్లాచెదురుగా పడి ఉంటే, నవ్వి నవ్వి చేతిలోవి ఒలికిపోయాయని లెక్క, అవార్డు నవ్వించినవాడికే అంది. అతను వేళాకోళంగానే అవి రాశాడు. పేరు అన్న చోట తన పేరు రాశాడు. అన్నీ సరిపోయాయి. మొదటి బహుమతిగా గోడ గడియారం వచ్చింది. ఇంత పొడుగు, లోలకం ఊగేది, కింది అద్దం మీద తెల్లరంగుతో అతని పేరు రాసి ఉన్నది. మీరు ఎలా ఊహించగలిగారని పత్రికవాళ్ళు ఉత్తరం రాస్తే, "చిరకాల అనుభవము వలన" అని జవాబు రాశాడు. ఫొటోతో సహా అచ్చేశారు.

యజమాని గోవిందప్ప సంబరపడి, గడియారాన్ని టికెట్ల కిటికీ పైన తగిలించి, అందరి ముందూ వరదరాజులు మెడలో దండ వేశాడు. జనం వెనకాల లాల్ బీ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. అంతా వెళ్ళాక అడిగింది.

"దండ యాల ఏసినారు వరదప్పా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ దండ బరువో, ఆ పూల వాసనో, ఇంకేదో అడ్డం పడింది.

"సర్వీసులో సేరి ఇరవై అయిదేండ్లయింది గదమ్మా, అందుకు" అన్నాడు.

"మంచిది, మంచిది" అని ఆమె సంతోషించింది. ఆ మర్నాటి నుంచి రోజూ స్టూలెక్కి ఆ గడియారం తుడిచేది. తుడుస్తున్నంతసేపూ అతను ఏదో పని ఉన్నట్టు అవతలికి పోయేవాడు. ఈ అయిదేళ్ళలో టైము కావాలంటే షరీఫ్ సోడా అంగడి దాకా నడిచి వెళ్ళి చూసుకున్నాడే తప్ప, తల ఎత్తి ఆ గడియారం వంక చూడలేదు. అయినా ఏటా కూపన్ రాగానే ఆమె దగ్గరికే పోయేవాడు. అదీ అతని సిగ్గులేనితనం. సిగ్గుపడుతూనే సిగ్గులేని పని చేయడం మనుషులకు బాగానే చేతనవును.

ఇప్పుడు ఎనిమిది రోజులుగా లాల్ బీ జ్వరంతో పడుంది. కూపన్ ఈ రోజు సాయంత్రం అయిదు గంటల తపాలాకు అందాలి. పోటీ రెండు బొమ్మల మధ్యే. ఒకటి వేసవిలో ఆడిన పడవవాడి బొమ్మ, ఇంకొకటి మదనపల్లెలోనూ కుప్పంలోనూ ఆడి ఆడి గీతలు పడ్డాక ఇక్కడికొచ్చిన లాయరు బొమ్మ. కూపన్ తీసి లాయరు బొమ్మ పేరు రాశాడు. రాశాక ఎందుకో మనసు ఒప్పలేదు. ఈ రోజైనా ఆమెకు చెప్పేయాలి అనుకున్నాడు. ఏటా అనుకునేవాడే, కానీ ఈసారి చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

వీధి చివర పెంకుటిల్లు. లాల్ బీ కూతురు మైమూన్ బీ కుప్పం నుంచి వచ్చి ఉంది. గడప దగ్గర గంజి చల్లారబెడుతున్నది కాస్తా లేచి, "రాప్పా, లోపలికి రా. నిన్నట్నుంచి మాటలు తగ్గినాయి" అంది.

నులకమంచం మీద ఆమె ఇంకా చిన్నదైపోయి కనిపించింది. చేతులు మాత్రం అవే, చీపురు పట్టి పట్టి వంకరపోయిన వేళ్ళు. అతన్ని గుర్తుపట్టి, కళ్ళతో నవ్వింది.

"హాలు ఎవురు ఊడుస్తాండారు?"

"నేనే."

"నువ్వా! మూలలు వదిలేసింటావులే." కాసేపు ఆయాసపడి, "కాయలేం సెప్తాండాయి?" అని అడిగింది.

"యాడ సూసినా కాయలేనమ్మా. పొట్లాలు విప్పినోళ్ళు విప్పినట్టే వదిలేసినారు. లాయరు బొమ్మే."

"కొరికి సూసినావా?"

అతను జేబులోంచి ఒక కాయ తీసి, ఒలిచి, నోట్లో వేసుకున్నాడు. చేదు, ముక్కిపోయిన కంపు. ఉమ్మడానికి బయటికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి లాల్ బీ శబ్దం లేకుండా నవ్వుతూ ఉంది. ఆ నవ్వుకు మంచం కదులుతోంది.

"వానల్లేక పంట పొయ్యింది గదప్పా. పోయినేడాది పాతకాయలు ఏంచి అమ్ముతాండారు. అది బొమ్మ గొప్పతనం కాదు, కాయ గొప్పతనం. పడవోడిదే రాసుకో."

ముప్పై ఏళ్ళ సర్వీసు, జడ్జి బిరుదు, చిరకాల అనుభవం. పుచ్చిపోయిన ఒక్క కాయ అన్నిటినీ తేల్చేసింది. అతనికి నవ్వు రాలేదు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఈ నోరెందుకు అనుకున్నాడు.

"లాల్ బీమ్మా, ఆ గడియారం..."

"ఎవురన్నా తుడుస్తాండారా?" ఆమె వెంటనే అందుకుంది. "ఎనిమిది దినాలాయె. నీ పేరు మీద దుమ్ము పడింటాది."

"నా పేరా?"

"మైమూన్ మూడో క్లాసు సదివింది గదా. అన్నం తెచ్చినప్పుడు, ఆ పొద్దే సదివి సెప్పింది. పేరూ, బహుమతీ, అంతా." కళ్ళు మూసుకుంది. "బో బాగా రాసినారంట అచ్చరాలు. జాగర్తగా తుడుస్తాంటి."

అంతే. ఎందుకు దాచావని అడగలేదు. ఆ అడగకపోవడమే అతన్ని నిలువునా కోసింది. ఈ అయిదేళ్ళూ తను అవతలికి తప్పుకున్న ప్రతిరోజూ, ఆమె తెలిసే స్టూలెక్కింది. తెలిసే అతని పేరు తుడిచింది. ఏటా కూపన్ పట్టుకుని వస్తే తెలిసే చెప్పింది. తప్పయిపోయిందమ్మా అని ఒక్క మాట అంటే చాలు. పెదవులు కదిలాయి. మైమూన్ బీ గంజి గిన్నెతో వచ్చింది. ఆ వంకన లేచి, "వస్తానమ్మా. మ్యాట్నీకి టయిమయింది" అన్నాడు.

కళ్ళు తెరవకుండానే ఆమె చెయ్యి కొంచెం ఎత్తింది.

మ్యాట్నీ ఇంటర్వెల్లులో కూపన్ తీశాడు. లాయరు బొమ్మ కొట్టేసి పడవవాడి బొమ్మ రాశాడు. పేరు అన్న చోట చాలాసేపు చూసి, "లాల్ బీ" అని, ఆ కింద "హాలు ఊడ్చునామె, పుంగనూరు" అని రాశాడు. మదనపల్లె బస్సు తపాలా సంచి ఎత్తుకోక ముందే డబ్బాలో వేశాడు. నోటితో చెప్పలేనిది కాగితం మీద రాసి పెద్ద పని చేసినట్టు తేలికపడ్డాడు. రేపు పొద్దున్నే పోయి ఈ సంగతీ, ఆ సంగతీ అన్నీ చెప్పేస్తానని తనకు తానే మాటిచ్చుకున్నాడు.

ఫస్ట్ షో మొదలై అరగంట అయింది. ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా లోపలికి పోయారు. సోడా అంగడి షరీఫ్ గేటు దగ్గరకొచ్చి, టోపీ సర్దుకుని నిలబడ్డాడు. టికెట్టు చింపడానికి అలవాటుగా చెయ్యి చాచాడు వరదరాజులు.

"లాల్ బీమ్మ పొయ్యింది జడ్జప్పా. ఇప్పుడే, పొద్దుగూకే మగ్రిబ్ నమాజు యాళకు. ఆమె ఇంటికే పోతాండా. నువ్వూ వస్తావని..."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. లోపల లాయరు ఏదో గట్టిగా వాదిస్తున్నాడు. రేపు అన్న మాట ఎంత పిరికిదో అప్పటికి తెలిసింది అతనికి. జడ్జి అని ఇంకోసారి పిలవొద్దని షరీఫ్‌కు చెప్పాలనుకున్నాడు. అదీ చెప్పలేకపోయాడు.

"నువ్వు పోతాండు. వస్తాను" అన్నాడు.

ఆ గడియారం ఆమె ఇంట్లోనే ఉండాలి. అది ఒక్కటే తోచింది. టికెట్ల కిటికీ దగ్గరికి స్టూలు లాక్కుని, వంగని మోకాలు చేత్తో ఎత్తి పెట్టి, ఎక్కాడు. గడియారం వెనక ఆమె పాత చీర ముక్క మడిచి దోపి ఉంది. దాన్ని తీసి, దుమ్ము పట్టిన కింది అద్దం తుడిచి, అయిదేళ్ళ తర్వాత మొదటిసారి తల ఎత్తి చూశాడు.

పైన "శ్రీ" ఉంది. చివర "గారికి" ఉంది. మధ్యన ఆమె రోజూ జాగ్రత్తగా తుడిచి తుడిచి తెల్లరంగంతా పోయిన చోట ఒట్టి అద్దమే మిగిలి, దాని వెనకాల లోలకం అటూ ఇటూ ఊగుతోంది.