లేపమన్న మాట

బాపట్ల నుంచి హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసేటప్పటికి నేను మినప చేలో మందు కొడుతున్నాను. మా అనుదీప్ తన గదిలో ఉండే షాకిర్ అనే కుర్రాణ్ణి మెట్ల మీద నుంచి తోసేశాడట. ఆ కుర్రాడికి తల పగిలిందట. కుట్లు వేయించి వాళ్ల నాన్న తెనాలి తీసుకెళ్లాడట. రేపు ఒకసారి కాలేజీకి రమ్మన్నాడు. సరేనండి అన్నాను. ట్యాంకులో మిగిలిన మందు కూడా కొట్టేసి ఇంటికి వెళ్లాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో నాకు కుర్చీ వేశారు. అనుదీప్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. వార్డెన్ కృపారావు నిలబడే మాట్లాడాడు.

“ఉత్త తోపులాటైతే మందలించి వదిలేసేవాళ్లం శివరామయ్య గారూ. ముందురోజు సాయంత్రం వీళ్ల గది ముందు నుంచి వెళ్తూ నా చెవులారా విన్నాను. ‘షాకిర్‌గాణ్ణి లేపెయ్, ముందు షాకిర్‌గాణ్ణి లేపెయ్’ అని ఫోన్లో ఎవరికో అరుస్తున్నాడు. తెల్లారేసరికి ఆ పిల్లాడు మెట్ల కింద రక్తంలో ఉన్నాడు. ఆ తుపాకుల గేము బుర్రకెక్కిందండి. అనుకునే చేశాడు.”

మా వైపు మనిషిని లేపెయ్యడమంటే చంపెయ్యడమే. వేరే అర్థం లేదు.

“ఏరా, అన్నావా?” అన్నాను.

“అన్నాను నాన్నా. గేమ్‌లో.”

“చూశారా, వాడే ఒప్పుకున్నాడు” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

“అది ఆ లేపడం కాదు సార్.”

“లేపడంలో ఎన్ని రకాలున్నాయి బాబూ? మాకూ నేర్పు” అన్నాడు కృపారావు. ఆయన ఒక్కడే నవ్వాడు.

టీసీ ఇచ్చేసి పోలీసులకు చెప్పాలన్నది ప్రిన్సిపాల్ గారి ఉద్దేశం. ఆ కుర్రాడి వాళ్లతో కూడా మాట్లాడి సోమవారం ఏ సంగతో తేలుస్తామన్నారు. అంతదాకా వాణ్ణి ఇంటికి తీసుకెళ్లమన్నారు.

మా ఊరికి వెళ్లే రేపల్లె బండి ఎలాగూ తెనాలిలోనే ఎక్కాలి. అక్కడ దిగి షాకిర్ వాళ్లింటికి వెళ్దామన్నాను. వాడు తలూపాడు. వాడి ఫోన్ వార్డెన్ లాక్కుని తన దగ్గరే ఉంచేసుకున్నాడు. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు గానీ బయటికి చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న చేతుల బొటనవేళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

షాకిర్ తండ్రి అబ్దుల్ షుకూర్ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే షాపు. చేతులకు నూనె ఉందని మణికట్లు కలిపి నమస్కారం పెట్టాడు. “లోపలికి రండన్నా” అన్నాడు. ఏం తిడతాడో అనుకుంటూ వచ్చాను. తిట్టలేదు.

షాకిర్ తలకు కట్టుతో మంచం మీద పడుకుని ఫోన్లో అదే గేమ్ ఆడుకుంటున్నాడు. “వచ్చావా పనికిమాలినోడా” అన్నాడు మావాణ్ణి చూసి.

నేను వార్డెన్ విన్న మాట చెప్పాను. షాకిర్ నవ్వబోయి, కుట్లు లాగినట్టుంది, తల పట్టుకున్నాడు.

“అయ్యో అంకుల్, అది బతికించమని. గేమ్‌లో దెబ్బ తగిలితే వెంటనే చావం. కిందపడి పాకుతుంటాం. మనోడెవడన్నా వచ్చి లేపితే బతుకుతాం. నేను పడిపోయా. వీడు దూరంగా ఉన్నాడు, దగ్గరున్నోళ్లని నన్ను లేపెయ్యమని అరిచాడు.”

“బతికించమంటే చంపమన్నాడని పట్టుకున్నారా!” అన్నాడు షుకూర్. చేతులు గుడ్డకు తుడుచుకుని అప్పటికప్పుడే ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాడు. ఆ మాటకు అర్థం వివరించాడు. మాకు ఏ ఫిర్యాదూ లేదన్నాడు. అవతల ఆయన చాలాసేపు విని, అయితే సోమవారం వచ్చి క్లాసులో కూర్చోమనండి అన్నారట.

షుకూర్ భార్య రహీమున్నీసా టీ తెచ్చింది. మావాడికి ఇచ్చేటప్పుడు వాడి ముఖం చూడలేదు.

గ్లాసు పట్టుకుని, “మరి తోసిందెందుకు?” అని అడిగాను.

“ఛార్జర్ కోసం అంకుల్. నేనూ బూతులు తిట్టాన్లెండి” అన్నాడు షాకిర్.

“పడ్డాక నిన్ను లేపిందెవరు?”

షాకిర్ ఫోన్ వంక చూశాడు. “మెస్‌లో వంటాయన” అన్నాడు.

“వీడెక్కడున్నాడు?”

“పైన. మెట్ల మీద.”

నేను టీ తాగాను. చక్కెర ఎక్కువైంది.

రేపల్లె బండికి ఇంకా టైముంది. స్టేషన్లో వాడికి సమోసాలు కొనిపెట్టాను. తింటుంటే అడిగాను, ఎందుకు దిగి రాలేదని.

“తెలీదు నాన్నా. పడ్డాడు. చూస్తున్నా. ఏమీ అనిపించలేదు.”

“భయమేసిందా?”

“భయం కూడా వెయ్యలేదు.”

మా పెదనాన్న నీళ్ల గొడవలో పార తిప్పి ఒకాయన చెయ్యి విరగ్గొట్టాడు. ఆయన పడి అరుస్తుంటే పెదనాన్న వెనక్కి తిరిగి మడికి గండి కొట్టుకున్నాడు. అప్పటికి ఊళ్లోకి కరెంటే రాలేదు. అదీ ఇదీ ఒకటేనో కాదో నాకు తెలియడం లేదు.

మా ఆవిడ బసవమ్మ ఫోన్ చేసింది. కాలేజీలో ఉంచుకుంటారని చెప్పాను.

“బతికించారు. అంతా ఆ మాయదారి గేమే. అది మాన్పించేస్తే సరిపోద్ది కదండీ?”

“ఇంటికొచ్చాక మాట్లాడదాం” అని పెట్టేశాను.

వాడు సమోసా కాగితం మడతపెడుతున్నాడు.

“సోమవారం నేనూ వస్తాను. నిలబడి చూశానన్న సంగతి ప్రిన్సిపాల్ గారికి నువ్వే చెప్పు” అన్నాను.

“ఇప్పుడెందుకు నాన్నా? అంతా అయిపోయిందిగా.”

“అయిన సంగతి ఆయనకు తెలీదుగా.”

“చెప్తే టీసీ ఇచ్చేస్తారు.”

“ఇవ్వొచ్చు.”

వాడు నా ముఖంలోకి చూశాడు. కోపం ఉందేమోనని వెతికాడు. నాకు కోపం రాలేదు. రేపల్లె బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. వాడు నా చేతిలో సంచి తీసుకుని, ముందు ఎక్కి, నాకు చోటు పట్టాడు.