మధ్యలో మానేసినవాళ్ళు

ఆఫీసులో ఆవిడను అందరూ సర్దుడమ్మ అంటారు. బల్ల మీద కాగితం వంకరగా కనిపిస్తే చాలు, ఆవిడ చెయ్యి ఊరుకోదు. కంప్యూటరులో పట్టిక కనిపించినా అంతే. మోకాళ్ళ నొప్పులకిచ్చే మాత్ర ఒకదాని మీద ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు ఇరవై మూడు. ఒక్కోదానిలోంచి అరవై రెండు వివరాలు ఏరి సాఫ్ట్‌వేరులో నింపడం వాళ్ళ పని. ఎనిమిది నెలలు పట్టింది. అన్నీ ఒకేసారి తెరిస్తే పట్టిక కుడివైపుకి జరుగుతూనే ఉంటుంది, దానికి అంతూ పొంతూ ఉండదు. అందుకని కమిటీవాళ్ళ కోసం ఆవిడ వేరే వ్యూ తయారుచేసింది. అక్కర్లేదనుకున్న కాలమ్‌లన్నీ దాచేసి ఎనిమిదే మిగిల్చింది. పట్టిక స్క్రీనుకి అతికినట్టు సరిపోయింది. దానికి "కమిటీకి" అని పేరు పెట్టి మురిసిపోయింది. మురిసిపోదూ మరి!

మధ్యాహ్నం రెండింటికి కమిటీ. ఆ మాత్రను పెద్దవయసువాళ్ళకి అన్ని ఆస్పత్రుల్లోనూ మొదటి మందుగా రాయవచ్చా లేదా అన్నది అక్కడే తేలాలి.

పదకొండింటికి పక్కసీటాయన కుర్చీ జరుపుకుని వచ్చాడు. ఒకప్పుడు మందుల షాపు నడిపిన మనిషి. కాలమ్‌లన్నీ తెరిచిపెట్టుకుంటే గాని పని చెయ్యడు కనక ఆయన పేరు అరవైరెండుగారు.

"మాత్ర మధ్యలో ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు... ఆ కాలమ్ ఏదమ్మా?"

"దాచేశానండి. పదిహేడు గడులు ఖాళీ. బోసిగా ఉంది."

"ఖాళీ అని కూడా వాళ్ళకి తెలియాలి గదా. పరిశోధన చేసినవాళ్ళు రాయలేదంటే అదీ ఒక సంగతే."

"మీకు అరవై రెండూ కనిపించకపోతే అన్నం సహించదు. కమిటీవాళ్ళకి మీ అంత ఓపిక ఉండొద్దూ?"

ఆయన నవ్వాడు గాని కదల్లేదు. ఈ చాదస్తానికి ఇవాళ్టితో మంగళం పాడాలని ఆవిడ, గడి ఖాళీగా ఉన్న తొమ్మిదో పరిశోధన పేపరు తెరిచింది. "చూడండి, ఎక్కడైనా రాశారేమో" అంటూ చివరి పేజీదాకా లాగింది.

ఒక పట్టిక అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. రెండు వందల మందిలో నలభై ఒక్కరు మధ్యలో మానేశారు. వాళ్ళలో ఎక్కువమందికి కళ్ళు తిరిగాయి.

ఆవిడ ఆ వాక్యాలు మళ్ళీ చదివింది. మిగతా వివరాలన్నీ ఇద్దరేసి విడివిడిగా నింపి సరిచూసుకున్నవే. గడువు ముంచుకొస్తోందని ఈ ఒక్క కాలమ్ మాత్రం ఆవిడ ఒక్కతే రెండు రోజుల్లో ముగించింది. అడుగున ఉన్న అక్షరాల జోలికి పోలేదు. తర్వాత ఆ కాలమ్ దాచేసింది, దానితోపాటు తన పొరపాటూ కంటికి కనిపించకుండా పోయింది. ఇంట్లో అత్తగారు ఆరు నెలలుగా వేసుకుంటున్నది కూడా ఈ మాత్రే.

అరవైరెండుగారు దెప్పలేదు. దెప్పినా బాగుండేది. "మిగిలినవి పదహారు. చెరి ఎనిమిదీ చూద్దాం రండి" అన్నాడు. ఇద్దరూ భోజనం మాట మరిచి కూర్చున్నారు. ఒంటిగంటన్నరకి లెక్క తేలింది. పదిహేడింటిలో పదమూడు పేపర్లు నిజంగానే ఏమీ రాయలేదు. నాలుగు రాశాయి, ఆవిడే చూడలేదు.

ఆ నాలుగూ గుట్టుగా నింపేసి ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆవిడకి ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమే. "ఆవిడ నింపిందా? అయితే మళ్ళీ చూడక్కర్లేదు" అన్న మాట పదేళ్ళు కష్టపడి సంపాదించుకుంది మరి. కాని నాలుగు తప్పినచోట, నిండుగా కనిపిస్తున్న మిగతా ఆరు గడులూ సరిగ్గా ఉన్నాయని ఎవరు చెప్పాలి? లేచి పెద్దమేడం గదికి వెళ్ళింది.

"ఇప్పుడా చెప్పేది?" అంది పెద్దమేడం. గట్టిగానే అంది.

కమిటీ ముందు సర్దుడమ్మే నిలబడి జరిగింది చెప్పింది. దాచిన కాలమ్ తెరిచింది. పట్టిక స్క్రీను దాటి పక్కకి పోయింది. చివర కూర్చున్న డాక్టరు ఒకాయన అడిగాడు.

"అయితే మొత్తం ఎంతమంది మానేసినట్టు?"

"తెలియదండి. పదమూడు చోట్ల ఎవరూ రాయలేదు."

నిర్ణయం నెల రోజులు వాయిదా పడింది. ఆ కాలమ్ మొత్తం ఇద్దరు మనుషులు మళ్ళీ మొదటినుంచి నింపాలన్నారు. ఆ ఇద్దరిలో ఆవిడ లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు కిటికీ పక్కన బట్టలు మడతపెడుతున్నారు. చెప్పులు విప్పీ విప్పకుండానే అడిగింది.

"అత్తయ్యా, ఆ మోకాళ్ళ మాత్ర మీకు పడుతోందా?"

"అది మానేసి మూడు నెలలైందిగా."

"అదేంటి, రోజూ వేసుకున్నానంటారు?"

"వేసుకున్నారా అని గుమ్మంలోంచి కేకేస్తావు, ఊఁ అంటాను. లేచి నిలబడితే ఇల్లంతా గిర్రున తిరిగేది. రెండుసార్లు గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డా. చెబుదామని నోరు తెరిచేలోపు నువ్వు వీధిలో ఉంటావు."

కోడలికి కోపం రాలేదు, సిగ్గేసింది. బట్టలు పక్కకి జరిపి కూర్చుంది.

"మొదటిసారి ఎప్పుడు తిరిగింది అత్తయ్యా?"

అత్తగారు ఆమె మొహంలోకి అనుమానంగా చూశారు. లేచి వెళ్ళిపోయేలా లేదని నమ్మకం కుదిరాక, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు.